ఇప్పపువ్వు లడ్డూ: మన ఇంట్లో మన చేతులతో

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం జరిపిన యువజన సమావేశంలో ఉట్నూరు ప్రాంతానికి చెందిన ఒక అంగన్‌వాడీ టీచర్ చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు ఫోన్ చేసి, "అక్కా, ఈసారి పిల్లలకు మన సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. నేను భయపడ్డాను. సంస్కృతి అంటే దండారి గురించి, గుస్సాడీ గురించి, నాగోబా చరిత్ర గురించి చెప్పాలి కదా అనుకున్నాను. వాటి గురించి చెప్పడానికి నాకంటే బాగా తెలిసిన పెద్దలు ఇక్కడే ఉన్నారు. నాకు తెలిసింది పిల్లలు, పొయ్యి. అందుకని ప్రసంగం రాసుకురాలేదు, రెండు స్టీలు డబ్బాలు తెచ్చాను. వాటిలో ఇప్పపువ్వు లడ్డూలు ఉన్నాయి. వెనక వరుసల దాకా అందేలా ఒకరికొకరు ఇచ్చుకోండి. తింటూ వినండి, ఏమీ అనుకోను. తింటుంటే నిద్ర రాదు, నాకూ మంచిదే.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. నిజం చెప్పాలి. ఇప్పపువ్వు అనగానే మీకు మొదట ఏం గుర్తొస్తుంది? నవ్వుతున్నారు. సారా అంటున్నారు. ఇంకోటి? మళ్లీ సారానే. సరే. ఈ పువ్వుతో చేసిన తీపి మీలో ఎంతమంది ఇళ్లల్లో ఈ ఏడాది చేశారు? చేతులెత్తండి. నాలుగు... ఆరు... ఏడు. ఇంత పెద్ద హాలులో ఏడు చేతులు. చేతులెత్తని వాళ్లను తప్పు పట్టడం లేదు. ఒకప్పుడు నేనూ మీలాగే ఉన్నాను. ఆ సంగతే ముందు చెప్తాను.

నేను ఐదో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నాను. ఏ స్కూలన్నది ఇప్పుడు అవసరం లేదు. నెలకోసారి ఆదివారం నాడు ఇంటి నుంచి ఎవరో ఒకరు చూడటానికి వచ్చేవారు. నాకోసం మా అమ్మమ్మ వచ్చేది. మా గూడెం నుంచి నాలుగు మైళ్లు నడిచి రోడ్డుకు చేరి, అక్కడ జీపు ఎక్కి వచ్చేది. కొంగులో మోదుగాకు పొట్లం ఉండేది. అందులో ఇప్పపువ్వు, నువ్వులు కలిపి దంచిన ముద్దలు. అందరికీ పెట్టి తినమని లెక్కపెట్టి మరీ తెచ్చేది.

ఒకసారి పొట్లం విప్పుతుంటే పక్కనున్న అమ్మాయి ముక్కు మూసుకుంది. "ఛీ, సారా వాసన" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లతో కలిసి నవ్వకపోతే నన్ను చూసి నవ్వుతారని భయం. తర్వాత గేటు దగ్గరికి పరుగెత్తి, ఇంకా వెళ్లిపోని మా అమ్మమ్మతో, "ఇంకోసారి ఇవి తేవద్దు. తెస్తే బిస్కెట్లు తే, లేకపోతే ఊరికే రా" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. తర్వాతి నెల బిస్కెట్ పుడకతో వచ్చింది. చనిపోయేదాకా నాకోసం మళ్లీ ఆ ముద్దలు చేయలేదు. నేనూ అడగలేదు.

తర్వాత నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, అంగన్‌వాడీలో ఉద్యోగం వచ్చింది. మా అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా బడిలో "మీ ఇంట్లో చేసే తీపి వంటకం గురించి పది వాక్యాలు రాయండి" అన్నారు. మా అమ్మాయి గులాబ్‌జామూన్ గురించి రాసింది. మొదటి వాక్యం, "మా అమ్మ షాపు నుంచి ప్యాకెట్ తెస్తుంది." అబద్ధమేమీ రాయలేదు. మా ఇంట్లో జరిగేదే రాసింది. ఆ నోటుబుక్కు చూసిన రాత్రి నాకు అమ్మమ్మ కొంగులోని పొట్లం గుర్తొచ్చింది.

తెల్లారి ఇప్పపువ్వు తీశాను. మా చేను గట్టు మీద రెండు చెట్లున్నాయి, పువ్వుకు కొదవ లేదు. ఎండుద్రాక్ష లాంటిదే కదా అని రాత్రంతా నీళ్లల్లో నానబెట్టాను. పొద్దున చూస్తే పులిసిన వాసన. నిజంగానే సారా వాసన! అవి పారబోసి మరికొన్ని తీసుకుని, ఈసారి నానబెట్టకుండా అలాగే వేయించి దంచాను. నోట్లో పెట్టుకుంటే ఇసుకలా కరకర, గొంతులో గరగర. మా అమ్మాయి ఒక్క ముక్క కొరికి, "అమ్మా, ఇది తినాలా?" అంది.

మూడు తరాల నుంచి మా ఇంట్లో ఉన్న వంట నాకు రాదని ఆరోజు తెలిసింది. నేర్పే మనిషి ఉన్నప్పుడు నేను వద్దన్నాను. నేర్చుకోవాలనుకునేసరికి ఆ మనిషి లేదు.

చివరికి పక్క గూడెంలో ఒక పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. నేను చేసింది చెప్తే పడీపడీ నవ్వింది. "బిడ్డా, పువ్వు లోపలి పోగులు తీశావా? నీళ్లల్లో ఎందుకు పడేశావు?" అని అడిగి, ఒక పూటంతా కూర్చోబెట్టుకుని చేయించింది. ఈరోజు మీ చేతుల్లో ఉన్న లడ్డూ ఆమె నేర్పిందే. అందులో నా తెలివి ఏమీ లేదు.

ఇప్పుడు పువ్వు సంగతికి వద్దాం.

ఇప్పచెట్టు మార్చి, ఏప్రిల్ నెలల్లో పూస్తుంది. అడవిలో చాలా చెట్లు ఆకు రాల్చి మోడుగా ఉండే కాలం అది. కోతలు అయిపోయి, కొత్త పంట ఇంకా చాలా దూరం ఉన్న రోజులు. సరిగ్గా అప్పుడే రాత్రి చివరి జాము నుంచి తెల్లారేదాకా పువ్వు టపటపా రాలుతుంది. చెట్టెక్కే పనిలేదు, కోసే పనిలేదు. తెల్లవారుజామునే గంపతో వెళ్లి ఏరుకోవడమే. అప్పుడు లేత పసుపు రంగులో, గుండ్రంగా, రసంతో ఉంటుంది. మూడు నాలుగు రోజులు ఎండలో వేస్తే ఎర్రబడి ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. బాగా ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. అందుకే పాతరోజుల్లో గింజలు అడుగంటిన ఇళ్లల్లో ఈ పువ్వే కడుపు నింపింది. ఉడికించుకుని తిన్నారు, జొన్నపిండిలో కలిపి రొట్టె చేసుకున్నారు, వేయించి పిల్లల చేతిలో పెట్టారు. పువ్వు అయిపోయాక కాయ వస్తుంది, గింజ నుంచి నూనె వస్తుంది. ఆ నూనె వంటకు వాడారు, దీపానికి వాడారు.

మరి సారా సంగతేమిటి? సారా కూడా ఈ పువ్వు నుంచే వస్తుంది, కాదనను. మన దేవుళ్ల పూజలో దాని స్థానం దానికి ఉంది. కానీ పువ్వంటే సారా ఒక్కటేనన్న చూపు మనది కాదు. బ్రిటిష్ పాలనలో బొంబాయి ప్రాంతంలో 1892లో ఇప్పపువ్వు మీద ఏకంగా ఒక చట్టమే చేశారు. సారా మీద తమ ఆదాయం పోతుందని పువ్వును కట్టడి చేశారు. సర్కారు లెక్కల్లో అది సారా సరుకు. మన ఇళ్లల్లో అది తిండి. నా పక్కన ముక్కు మూసుకున్న ఆ చిన్నపిల్ల తప్పేం లేదు. ఎక్కడో విన్న మాటే అన్నది. మన తిండి గురించి బయటివాళ్ల మాట మన నోట్లోకే వచ్చి కూర్చుంది, అదీ బాధ.

ఇప్పుడు కాలం కొంచెం మారింది. మన ఉట్నూరులోనే ఆదివాసీ మహిళలు సహకార సంఘంగా కలిసి ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు డబ్బాలు కొనుక్కుపోతున్నారు. సంతోషమే. కానీ ఒక చిన్న భయం కూడా ఉంది. రేపు మన పిల్లలు కూడా దాన్ని షాపులోనే కొనుక్కోవాలా? డబ్బా మీద ఫొటో చూసి, "ఓహో, ఇది మనదట" అనుకోవాలా? అమ్మకం వేరు, ఇంట్లో చేసుకోవడం వేరు. రెండూ ఉండాలి.

సరే, ఇక చేసే పద్ధతి చెప్తాను. ఫోన్లు తీయండి, రాసుకోండి, రికార్డు చేసుకోండి. అబ్బాయిలూ, మీరు కూడా. పెళ్లిళ్లలో పొయ్యి ముందు నిలబడి వందల మందికి వండేది మీరే కదా. ఇంటి వంటగది దగ్గరికి వచ్చేసరికే సిగ్గెందుకు?

ఇప్పపువ్వు లడ్డూ

ఎండిన ఇప్పపువ్వు రెండు గ్లాసులు, పల్లీలు ఒక గ్లాసు, నువ్వులు అర గ్లాసు, తురిమిన బెల్లం అర గ్లాసు. నెయ్యి రెండు చెంచాలు, ఉంటేనే. యాలకులు మూడు నాలుగు, అవీ ఉంటేనే. మా అమ్మమ్మ ముద్దల్లో నెయ్యీ లేదు, యాలకులూ లేవు.

మొదటి పని ఏరడం. పువ్వును చాటలో పోసి రాళ్లు, పుల్లలు, నల్లగా బూజు పట్టినవి తీసేయండి. తర్వాత పువ్వును రెండు అరచేతుల మధ్య పెట్టి నలపండి. లోపలి సన్నపోగులు ఊడి వస్తాయి. చాటతో చెరిగితే పోతాయి. నేను మొదటిసారి వదిలేసిన పని ఇదే. గొంతులో గరగర వచ్చింది దీనివల్లే. ఈ పనికి కొంచెం టైం పడుతుంది. అందుకే ఇంట్లో అందరూ చుట్టూ కూర్చోవాలి. కథలు చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి టైం దొరకదు.

రెండో పని కడగడం. నీళ్లల్లో వేసి గబగబా రెండుసార్లు కడిగి వెంటనే తీసేయాలి. నానబెట్టొద్దు. గుడ్డ మీద పరిచి ఎండలో బాగా ఆరబెట్టాలి. ఇప్పుడు వానాకాలం, ఎండ ఉండదు. కాబట్టి వేసవిలోనే కడిగి ఎండబెట్టి, మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టుకుంటే మంచిది. ఇప్పపువ్వు గాలిలోని తేమను తొందరగా పీల్చుకుంటుంది. మూత వదులైతే మెత్తబడి బూజు పడుతుంది. బూజు పడితే పారేయండి, కడిగి వాడుకుందాం అనుకోవద్దు.

మూడో పని వేయించడం. మూకుడు పెట్టి, మంట తగ్గించి, పువ్వు వేసి కలుపుతూనే ఉండాలి. నెయ్యి ఉంటే ఇప్పుడే వేయండి. మొదట మెత్తబడుతుంది. కంగారు పడొద్దు. ఎనిమిది పది నిమిషాలకు రంగు ముదిరి, తేనె కాచినట్టు కమ్మటి వాసన వస్తుంది. అప్పుడు దించేయాలి. ఇంకా ఉంచితే చేదెక్కుతుంది. వేడిగా ఉన్నప్పుడు మెత్తగానే ఉంటుంది, చల్లారాక కరకరలాడుతుంది. పూర్తిగా చల్లారేదాకా రోట్లో వేయకూడదు. వేడిమీద దంచితే బంకలా అంటుకుంటుంది.

పల్లీలు వేయించి పొట్టు తీయండి. నువ్వులు చిటపటలాడేదాకా వేయించండి. నువ్వులు మాడటానికి క్షణం చాలు. ఆ టైంలో ఫోన్ చూడొద్దు.

నాలుగో పని దంచడం. ముందు పువ్వు ఒక్కటే దంచండి. తర్వాత పల్లీలు, నువ్వులు వేయండి. వాటి నూనె దిగి పొడి తడితడిగా అవుతుంది. చివర్లో బెల్లం వేసి నాలుగు పోట్లు. రోలు లేకపోతే మిక్సీ. మిక్సీని ఆపుతూ, ఆపుతూ తిప్పండి. ఏకబిగిన తిప్పితే వేడెక్కి ముద్ద అయిపోతుంది. చేతికి బాగా అంటుకుంటుంటే వేయించిన జొన్నపిండి రెండు చెంచాలు కలపండి. ఇక ఉండలు చుట్టడమే. నిమ్మకాయంత చేస్తే ఇరవైకి పైగా వస్తాయి. తడి తగలని డబ్బాలో పెడితే రెండు వారాలు ఉంటాయి. మా ఇంట్లో మూడో రోజుకే డబ్బా ఖాళీ.

ఉండలు చుట్టే పని చిన్నపిల్లలకు ఇవ్వండి. మా తమ్ముడి కొడుక్కి నాలుగేళ్లు. వాడు చేసిన లడ్డూ ఒక్కటీ గుండ్రంగా ఉండదు. ఒకటి కోడిగుడ్డులా, ఒకటి పాములా ఉంటుంది. కానీ తను చుట్టింది తనే తింటానని గొడవ. "తిను, తిను" అని వెంటపడే పని మాకు తప్పింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, అంగన్‌వాడీ టీచర్ని కదా. ఇది తీపి. మంచిదని చెప్పి పదేసి తినమనడం లేదు, రోజుకు ఒకటి చాలు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దలకు సగం ముక్క రుచి చూపించి ఆపండి. చిన్నపిల్లలకు పల్లీ పలుకులు గొంతులో అడ్డం పడకుండా మెత్తగా దంచి పెట్టండి. రక్తం తక్కువగా ఉందని డాక్టర్ మాత్రలు రాస్తే మాత్రలు వేసుకోవాల్సిందే. లడ్డూ తిన్నాం కదా అని మానొద్దు.

జొన్న పేలాల ముద్దలు

ఇది మీకు ఇంకా సరదాగా ఉంటుంది. సినిమా హాల్లో పాప్‌కార్న్ కొనుక్కుంటారు కదా. జొన్న కూడా అలాగే పేలుతుంది. తెలంగాణ ఊళ్లల్లో తొలి ఏకాదశి నాడు పేలాల పిండి చేస్తారు, అది ఈ జొన్న పేలాలతోనే. జొన్న మన తిండి. గట్క అయినా రొట్టె అయినా మన పెద్దలు దాని మీదే బతికారు.

జొన్నల మీద కొంచెం నీళ్లు చల్లి, కలిపి, అరగంట పక్కన పెట్టండి. మూకుడు బాగా కాగాలి. ఒక్క గుప్పెడు వేసి, మడిచిన పొడిగుడ్డతో అదుముతూ కలపండి. టపటపా పేలి తెల్లటి మల్లెమొగ్గల్లా విచ్చుకుంటాయి. మూకుడు నిండా ఒకేసారి పోస్తే పేలవు, మాడతాయి. అన్ని జొన్నలూ బాగా పేలవు, పెద్ద తెల్ల హైబ్రిడ్ జొన్న పేలకపోతే మీ తప్పు కాదు. పేలాలకు ఏ జొన్న మంచిదో మీ ఊళ్లో ముసలమ్మను అడగండి, చూడగానే చెప్తుంది.

బెల్లంలో కొద్దిగా నీళ్లు పోసి పాకం పట్టండి. చుక్క నీళ్లల్లో వేస్తే చిన్న ఉండ కావాలి, కరిగిపోకూడదు. అందులో పేలాలు, వేయించిన నువ్వులు వేసి కలిపి, చేతికి తడి చేసుకుని వేడిమీదే ముద్దలు కట్టాలి. పాకం పెద్దవాళ్లే పట్టాలి, పిల్లల్ని పొయ్యికి దూరంగా ఉంచండి. పాకం ఒంటి మీద పడితే మాములు నీళ్లు పడినట్టు కాదు, అంటుకుని కాలుస్తుంది.

జొన్నరొట్టె మలీద

హైదరాబాద్‌లో, మంచిర్యాలలో రూములు తీసుకుని చదువుకుంటున్నవాళ్ల కోసం ఇది. పొయ్యి కూడా అక్కర్లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు రెండో రోజుకు గట్టిపడతాయి. పారేయొద్దు. ముక్కలు చేసి చేత్తోనో మిక్సీలోనో పొడి చేసి, బెల్లం, ఇన్ని వేయించిన పల్లీలు కలిపి నలపండి. నెయ్యి ఉంటే ఒక చెంచా. ముద్ద కట్టుకుంటే మలీద ముద్ద, కట్టకపోతే గిన్నెలో వేసుకుని తినే మలీద. ఐదు నిమిషాల పని. పరీక్షల రాత్రుల్లో ఆకలేస్తే నూడుల్స్ కంటే ఇది మేలు.

ఇవి మూడే చెప్పాను. మీ ఇళ్లల్లో ఇంకా చాలా ఉన్నాయి. చలికాలంలో రేగుపండ్లు దంచి చేసే వడియాలు, ఎండల్లో మొర్రిపండ్లు, తునికిపండ్లు, చిక్కుడు కాలంలో ఉడికించిన గుడాలు. మన క్యాలెండర్ నిండా చిరుతిండి ఉంది. ఒక్కో నెలకు అడవి ఒక్కోటి ఇస్తుంది.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. మా అంగన్‌వాడీకి వచ్చే పిల్లల చేతుల్లో పొద్దున్నే రంగురంగుల ప్యాకెట్ ఉంటుంది. పది రూపాయలది. సాయంత్రం ఇంకొకటి. రోజుకు ఇరవై, నెలకు 600. ఇద్దరు పిల్లలుంటే 1,200. పత్తి ఏరడానికి కూలికి పోయే ఇంట్లో అది చిన్న డబ్బు కాదు. ఆ ప్యాకెట్‌లో సగం గాలి, మిగతాది ఉప్పు, నూనె, రంగు. అది తిన్న పిల్ల మధ్యాహ్నం అన్నం ముట్టదు. తల్లి మా దగ్గరికొచ్చి, "టీచరమ్మా, మా పిల్ల బరువు పెరగడం లేదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. నేను ఎవరినీ తిట్టను. పనికి పోయే తల్లికి ప్యాకెట్ సులువు. కానీ ఆదివారం ఒక్క పూట ఇంటిల్లిపాది కూర్చుని ఒక డబ్బా లడ్డూలు చేసి పెట్టుకుంటే, వారమంతా ఆ సులువే ఇంట్లో ఉంటుంది.

ఇంకో మాట. కుమ్రం భీం పోరాటం గురించి చెప్పుకున్నప్పుడల్లా జల్, జంగల్, జమీన్ అని నినాదం ఇస్తాం. గొంతు చించుకుని ఇస్తాం. జంగల్ అంటే మ్యాపులో పచ్చరంగు కాదు కదా. ఇప్పచెట్టు జంగల్, తునికిచెట్టు జంగల్, మొర్రిచెట్టు జంగల్. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనకు ఉందని చెప్పింది. ఆ హక్కు కాగితం మీద ఉంటే చాలదు, దాన్ని వాడుకునే చేతులుండాలి. ఇప్పపువ్వు ఏరడం మన పిల్లలకు నామోషీ అయితే, రేపు ఆ చెట్టు ఎవరికి కావాలి? గట్టు మీద అడ్డమని కొట్టేస్తాం. ఇంట్లో లడ్డూ చేసుకునేవాళ్లు మాత్రం చెట్టు కొట్టరు.

వచ్చే ఎండాకాలం పువ్వు ఏరడానికి వెళ్లేవాళ్లకు ఒక మనవి. చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టొద్దు. పువ్వు బాగా కనబడుతుందని పెడతారు, నాకు తెలుసు. కానీ ఆ నిప్పు అక్కడే ఆగదు. చిన్న మొక్కలు కాలిపోతాయి, కొత్త ఇప్పమొక్క లేవదు. చీపురుతో ఊడ్చి, పాత చీరలు పరవండి. పువ్వు శుభ్రంగా కూడా ఉంటుంది, రాళ్లు ఏరే పని తగ్గుతుంది.

చివరిగా మిమ్మల్ని ఒకటే అడుగుతాను. ఈ ఆదివారం మీ ఇంట్లోనో, మీ వాడలోనో ఒక అమ్మమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో కూర్చోండి. "నీ చిన్నప్పుడు తీపి ఏం చేసేవాళ్లు? నాకు చేయడం నేర్పు" అని అడగండి. ఫోన్ ఆన్ చేసి రికార్డు చేయండి. ఆమె ఏ భాషలో చెప్తే ఆ భాషలోనే. గోండి అయితే గోండి, కొలామి అయితే కొలామి. వంట పేర్లు, పువ్వుల పేర్లు, గిన్నెల పేర్లు అన్నీ ఆ మాటల్లోనే రానివ్వండి. వీడియో పెట్టి లైకులు తెచ్చుకోండి, వద్దనను. కానీ ముందు చేయి పెట్టి దంచండి. చూసినదాని కంటే దంచింది ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

హాస్టళ్లలో ఉన్న చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నాను. ఇంటి నుంచి మీకోసం ఎవరో ఒకరు పొట్లం పట్టుకుని వస్తారు. అది అందరి ముందూ విప్పండి. ఎవరైనా ముక్కు మూసుకుంటే ఒక ముక్క వాళ్ల చేతిలోనే పెట్టండి. తిన్నాక ఏమంటారో చూద్దాం. నేను ఆరోజు ఆ ఒక్క పని చేసి ఉంటే, మా అమ్మమ్మ తర్వాతి నెల కూడా మోదుగాకు పొట్లంతోనే వచ్చేది.

మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఈ లడ్డూల కోసం నిన్న రాత్రి పువ్వు నలిపింది తనే. పోగులు సరిగా పోయాయో లేదో చూడమని నా చేతికిచ్చింది. చూశాను. ఒక్కటి కూడా లేదు.

డబ్బాలో ఏమైనా మిగిలాయా? లేవా? మంచిది. ఖాళీ డబ్బా నాకు తెచ్చివ్వండి, వచ్చే ఏడాది మీరు చేసినవి నింపి తీసుకురండి.